ప్యాడ్లు కట్టుకుని పుస్తకం పట్టిన మిథాలీ.. మ్యాచ్‌కు ముందు ప్లేయర్లు ఎందుకిలా చేస్తారు?

సికింద్రాబాద్: 2017 జూన్ 24. ఇంగ్లండ్‌లోని డెర్బీ. మహిళల వన్డే ప్రపంచకప్‌లో భారత్‌కు అది తొలి మ్యాచ్. ఓపెనర్లు స్మృతి మంధాన, పూనమ్ రౌత్ ఇంగ్లండ్ బౌలర్లను ఉతికేస్తున్నారు. బౌండరీ బయట మాత్రం సీన్ వేరేగా ఉంది. తర్వాత బ్యాటింగ్‌కు దిగాల్సిన కెప్టెన్ మిథాలీ రాజ్ ప్యాడ్లు కట్టుకుని, కుర్చీలో కూర్చుని, ఎంచక్కా పుస్తకం చదువుకుంటోంది.

కెమెరా అటు తిరిగింది. ఫొటో క్షణాల్లో వైరల్ అయింది. 'ప్రపంచకప్ మ్యాచ్ పెట్టుకుని ఇదేం కూల్‌నెస్?' అని సోషల్ మీడియా మొత్తం ఒకటే చర్చ. ఆ తర్వాత ఆమె క్రీజులోకి వెళ్లి 73 బంతుల్లో 71 పరుగులు చేసింది. వన్డేల్లో వరుసగా ఏడో హాఫ్ సెంచరీ. అప్పటికి అది రికార్డు. భారత్ 281 కొట్టి, 35 పరుగుల తేడాతో గెలిచింది.

ఫొటో చూసి చాలామంది 'అబ్బా, అసలు టెన్షనే లేదు' అనుకున్నారు. నిజానికి కథ రివర్స్. టెన్షన్ ఉంటుంది కాబట్టే పుస్తకం. బ్యాటింగ్‌కు వెళ్లే ముందు చదివితే మనసు కుదుటపడుతుందని మిథాలీనే మ్యాచ్ తర్వాత చెప్పింది. మామూలుగా అయితే కిండిల్‌లో చదువుకునేదట. మ్యాచ్ జరుగుతుండగా ఎలక్ట్రానిక్ వస్తువులు వాడనివ్వరు కాబట్టి జట్టు ఫీల్డింగ్ కోచ్ దగ్గర రూమీ పుస్తకం అడిగి తీసుకుంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆ రోజు ఓపెనర్లు తొలి వికెట్‌కు 144 పరుగులు జోడించారు. అంటే దాదాపు 27 ఓవర్ల పాటు మిథాలీ ప్యాడ్లు కట్టుకుని వెయిట్ చేసింది. ఏ బంతికి వికెట్ పడుతుందో తెలీదు. గంట కావొచ్చు, రెండో బంతికే కావొచ్చు. క్రికెట్ ఆడినవాళ్లను అడగండి.. బ్యాటింగ్ కన్నా ఈ వెయిటింగే నరకం అంటారు. ప్రతి బంతినీ కూర్చున్న చోటే మనసులో ఆడేస్తుంటారు. క్రీజులోకి వెళ్లేసరికే సగం అలిసిపోతారు. ఆ గంటన్నర బుర్రకు ఇంకో పని చెప్పడమే ఆ పుస్తకం చేసిన పని.

మిథాలీ మన సికింద్రాబాద్ అమ్మాయే. పుట్టింది జోధ్‌పూర్‌లో, తమిళ కుటుంబం, కానీ పెరిగింది ఇక్కడే. కీస్ గర్ల్స్ హైస్కూల్లో చదువుకుంది. సెయింట్ జాన్స్ అకాడమీలో బ్యాట్ పట్టింది. అసలు క్రికెట్‌లోకి వచ్చిందే గమ్మత్తుగా. పొద్దున త్వరగా నిద్ర లేవడం లేదని ఆమె నాన్న అన్నయ్యతో పాటు గ్రౌండ్‌కు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. ఆ బద్ధకం మానిపించడానికి వేసిన ప్లానే తర్వాత 7,805 వన్డే పరుగులైంది.

సెంటిమెంటా? రొటీనా?

మనకు ఇలాంటివన్నీ ఒక్క మాటలో చెప్పేయడం అలవాటు.. 'సెంటిమెంట్'. హీరోకు రిలీజ్ డేట్ సెంటిమెంట్, నాయకుడికి నామినేషన్ వేసే టైమ్ సెంటిమెంట్, ప్లేయర్‌కు జెర్సీ నంబర్ సెంటిమెంట్. అయితే సైకాలజిస్టులు దీన్ని రెండు ముక్కలుగా విడదీస్తారు.

ఒకటి, ఆటతో సంబంధం లేని నమ్మకం. ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ స్టీవ్ వా జేబులో ఎర్ర కర్చీఫ్ ఉండేది. మన హైదరాబాదీ అజారుద్దీన్ మెడలో తాయెత్తు.. పరుగు తీస్తుంటే చొక్కాలోంచి బయటకు వచ్చి ఊగుతూ ఉండేది, ఆ తరం వాళ్లకు బాగా గుర్తు. సచిన్ ఎప్పుడూ ఎడమ కాలి ప్యాడే ముందు కట్టుకునేవాడు.

రెండోది, పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ఒకే వరుసలో చేసే చిన్న చిన్న పనులు. సెరెనా విలియమ్స్ తొలి సర్వీస్‌కు ముందు బంతిని ఐదుసార్లు నేలకు కొట్టేది, రెండో సర్వీస్‌కు రెండుసార్లు. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో వేసేవాళ్లు, ఫుట్‌బాల్‌లో పెనాల్టీ కొట్టేవాళ్లు, లాంగ్ జంప్‌లో రన్నప్ మొదలుపెట్టేవాళ్లు.. అందరికీ ఏదో ఒకటి ఉంటుంది. దీన్నే కోచ్‌లు 'ప్రీ పెర్ఫార్మెన్స్ రొటీన్' అంటారు, దగ్గరుండి మరీ నేర్పిస్తారు.

గీత మరీ అంత క్లియర్‌గా ఉండదులెండి. రఫెల్ నాదల్‌నే తీసుకోండి. కుర్చీ ముందు రెండు వాటర్ బాటిళ్లు, ఒకదాని వెనుక ఒకటి, లేబుళ్లు కోర్టు వైపే తిరిగి ఉండాలి. సర్వీస్‌కు ముందు షార్ట్ సర్దుకోవడం, ముక్కు, చెవుల దగ్గర జుట్టు సవరించుకోవడం.. ఏళ్ల తరబడి అదే వరుస. మూఢనమ్మకం అని అందరూ నవ్వారు. దానికి 2011లో వచ్చిన తన ఆత్మకథలో అతనిచ్చిన జవాబు మాత్రం ఆలోచింపజేస్తుంది. మూఢనమ్మకమే అయితే ఓడిపోయాక కూడా అదే పని మళ్లీ ఎందుకు చేస్తానని అడిగాడు. చుట్టూ ఉన్నవి ఒక పద్ధతిలో ఉంటే తలలో ఉన్నది కూడా పద్ధతిలోకి వస్తుందన్నది అతని లెక్క.

పావురాలు, జాలర్లు, బేస్‌బాల్

అసలు ఇవి ఎలా అంటుకుంటాయి? 1948లో అమెరికన్ సైకాలజిస్ట్ బి.ఎఫ్.స్కిన్నర్ పావురాలతో ఒక ప్రయోగం చేశారు. ఆకలితో ఉన్న పావురాన్ని పెట్టెలో పెట్టి, అది ఏం చేసినా చేయకపోయినా ఫిక్స్‌డ్ టైమ్‌కు గింజలు పడేలా ఏర్పాటు చేశారు. కొన్నాళ్లకు ఒక పావురం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకోటి తల ఒక మూలకు ఎగరేస్తూ కూర్చుంది. గింజ పడిన క్షణంలో ఏం చేస్తూ ఉందో దాని వల్లే గింజ పడిందని అనుకుందన్నమాట. స్కిన్నర్ చెప్పిన ఈ వివరణ మీద తర్వాత వాదనలు జరిగాయి కానీ.. ఇండియా మ్యాచ్ చూసేటప్పుడు మన ఇంట్లో జరిగేది ఇదే కదా! 'నువ్వు లేచావ్, వికెట్ పడింది. కదలకుండా అక్కడే కూర్చో' అని ఎవరో ఒకరు అరుస్తారు. మా డెస్క్‌లో కూడా ఛేజింగ్ టైట్‌గా ఉన్నప్పుడు కుర్చీ మారడానికి ఎవరూ ఒప్పుకోరు. డిగ్రీలున్నాయి, అయినా అంతే.

దీనికి ముందే మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ ఇంకో విషయం పట్టుకున్నారు. ఇప్పటి పపువా న్యూగినీకి చెందిన ట్రోబ్రియాండ్ దీవుల్లో జాలర్లను దగ్గరుండి గమనించారు. ఒడ్డు పక్కనున్న ప్రశాంతమైన నీళ్లలో చేపలు పట్టేటప్పుడు వాళ్లు ఏ మంత్రతంత్రాలూ చేయరు. అక్కడ ప్రమాదం లేదు, చేప గ్యారంటీ. అదే నడిసముద్రంలోకి వెళ్లాల్సి వస్తే మాత్రం పెద్ద తతంగం ఉంటుంది. అంటే ఏం జరుగుతుందో చేతిలో లేని చోటే తంతులు పెరుగుతాయి.

జార్జ్ గ్మెల్చ్ అనే మానవ శాస్త్రవేత్త, తాను బేస్‌బాల్ ప్లేయర్ కూడా కావడంతో, ఇదే లెక్కను ఆటకు అప్లయ్ చేశారు. బంతి విసిరేవాడు, కొట్టేవాడు.. వీళ్ల ఫలితం సగం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. సెంటిమెంట్లన్నీ వాళ్లకే. ఫీల్డర్‌కు వచ్చిన బంతి దాదాపు ప్రతిసారీ చేతికి చిక్కుతుంది కాబట్టి అతనికి పెద్దగా ఏమీ ఉండవు. మన గల్లీ క్రికెట్‌లోనూ చూడండి. లక్కీ బ్యాట్ ఉంటుంది, లక్కీ ఎండ్ ఉంటుంది. లక్కీ ఫీల్డింగ్ పొజిషన్ ఉందని ఎవరైనా చెప్పగా విన్నారా?

మరి పని చేస్తుందా?

ఇదే అసలు ప్రశ్న. జవాబు సగం అవును, సగం కాదు.

2010లో జర్మనీ పరిశోధకులు గోల్ఫ్ బంతితో ఒక టెస్ట్ పెట్టారు. కొందరికి 'ఇది లక్కీ బాల్' అని చెప్పి ఇచ్చారు, మిగతావాళ్లకు మామూలుగా ఇచ్చారు. పది ప్రయత్నాల్లో లక్కీ బాల్ వాళ్లు సగటున 6.4 సార్లు రంధ్రంలో వేస్తే, మిగతావాళ్లు 4.75 సార్లు వేశారు. ప్రపంచమంతా వార్త అయింది. ఇప్పటికీ మోటివేషన్ వీడియోల్లో ఇదే చెబుతుంటారు. కానీ ఆ ప్రయోగంలో పాల్గొన్నది ముప్పై మంది లోపే. 2014లో వేరే పరిశోధకులు ఇంకా ఎక్కువ మందితో అదే టెస్ట్ మళ్లీ చేస్తే ఏ తేడా రాలేదు. ఈ రెండో సగం మాత్రం ఏ వీడియోలోనూ రాదు! కాబట్టి లక్కీ వస్తువు గురించి ఎవరైనా 'సైన్స్ ప్రూవ్ చేసింది' అంటే నమ్మకండి.

వస్తువు సంగతి అలా ఉంచితే, చేసే పని విషయంలో ఆధారాలు కాస్త గట్టిగా ఉన్నాయి. 2016లో హార్వర్డ్‌కు చెందిన అలిసన్ వుడ్ బ్రూక్స్ బృందం కొత్తవాళ్ల ముందు పాట పాడమని కొందరికి చెప్పింది. అందులో సగం మందితో ముందుగా ఒక వింత తంతు చేయించింది. 'మీకు ఇప్పుడు ఎలా అనిపిస్తోందో కాగితం మీద బొమ్మ గీయండి, దాని మీద ఉప్పు చల్లండి, పైకి ఐదు లెక్కపెట్టండి, కాగితం నలిపి చెత్తబుట్టలో వేయండి.' చూడ్డానికి అచ్చం మన దిష్టి తీసినట్టే ఉంది కదా! ఆ తంతు చేసినవాళ్లకు కంగారు తగ్గింది, పాట కూడా బాగా పాడారు. అదే బృందం లెక్కలతో చేసిన ఇంకో టెస్ట్ మరీ ఆసక్తికరం. అవే పనుల్ని 'ఇదొక రిచువల్' అని చెప్పి చేయిస్తే ఫలితం వచ్చింది, 'ఏవో నాలుగు పనులు' అని చెప్పి చేయిస్తే రాలేదు. ఉప్పులో ఏమీ లేదు. దానికి మనం ఇచ్చే అర్థంలోనే ఉంది.

2017లో టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు మెదడులోని సిగ్నల్స్ కొలిచారు. తప్పు చేసిన వెంటనే మెదడు ఒక చిన్న అలారం కొడుతుంది. వారం పాటు ఇంట్లో రోజూ ఒక తంతు ప్రాక్టీస్ చేసినవాళ్లలో, దాన్ని చేశాక ఆ అలారం తగ్గింది. వాళ్ల స్కోరు పెరగలేదు, తగ్గలేదు. తప్పు మాత్రం మునుపటంత గట్టిగా గుచ్చుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి, ఇది మన బ్యాడ్మింటన్ నగరానికి దగ్గరి విషయం. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీకి చెందిన యుర్గెన్ బెక్మన్ బృందం ఫుట్‌బాల్, తైక్వాండో, బ్యాడ్మింటన్ ప్లేయర్ల మీద 2013లో పరిశోధన ప్రచురించింది. అందరూ కుడిచేతి వాటం వాళ్లే. ఒత్తిడి ఉన్న షాట్‌కు ముందు కొందరు ఎడమచేత్తో మెత్తటి బంతిని పిసికారు, కొందరు కుడిచేత్తో. ఎడమచేత్తో పిసికినవాళ్లు ఒత్తిడిలోనూ తడబడలేదు. బాగా అలవాటైన షాట్ ఆడేటప్పుడు 'మణికట్టు ఇలా తిప్పాలి, భుజం అలా ఉంచాలి' అని లోపల మాటలు మొదలైతేనే ఆట చెడుతుంది. ఎడమచేతి కదలిక మెదడు కుడి భాగాన్ని పనిలో పెట్టి, ఆ లోపలి గోలను తగ్గిస్తుందన్నది వాళ్ల వివరణ. సైకిల్ తొక్కేటప్పుడు కాళ్ల గురించి ఆలోచిస్తే ఏమవుతుందో మనకు తెలుసు కదా, అదే లాజిక్.

సింధుకు మనీలాలో ఏం జరిగింది?

రొటీన్ ప్లేయర్ చేతిలోనే ఉంటుంది నిజమే. కానీ గడియారం అంపైర్ చేతిలో ఉంటుంది. టెన్నిస్‌లో ఇప్పుడు సర్వీస్‌కు 25 సెకన్లే. బ్యాడ్మింటన్‌లో 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేమ్‌కూ గేమ్‌కూ మధ్య 120 సెకన్లు విరామం. మిగతా టైమంతా ఆట ఆగకూడదు.

2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. పీవీ సింధు, జపాన్‌కు చెందిన అకానె యమగూచి. తొలి గేమ్ 21-13తో సింధుదే. రెండో గేమ్‌లో 14-11 ఆధిక్యం. ఆ టైమ్‌లో సర్వీస్ ఆలస్యం చేస్తోందంటూ అంపైర్ ఒక పాయింట్‌ను ప్రత్యర్థికి ఇచ్చేశారు. యమగూచి రెడీగా లేదు కాబట్టే ఆగానని సింధు వాదించింది. వినలేదు. ఆ గేమ్ 19-21, మూడోది 16-21. కాంస్యంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ నిర్ణయం అన్యాయమని సింధు మ్యాచ్ తర్వాత బాధపడింది. కొన్ని నెలల తర్వాత బ్యాడ్మింటన్ ఆసియా సాంకేతిక కమిటీ ఆ పొరపాటుకు క్షమాపణ చెప్పింది. పతకం రంగు మాత్రం మారలేదు.

ఒక్క పాయింట్ పోతే మ్యాచ్ పోతుందా అంటే, పోదు. కానీ పోయింది పాయింట్ ఒక్కటే కాదు, రిథమ్ కూడా. అందుకే మంచి కోచ్‌లు షాట్‌కు ముందు రొటీన్‌తో ఆగరు. తప్పు జరిగాక, అన్యాయం జరిగాక ఏం చేయాలో కూడా ప్రాక్టీస్ చేయిస్తారు. టవల్ తీసుకోవడం, ర్యాకెట్ తీగలు సర్దుకోవడం, ఒక్క శ్వాస, మళ్లీ లైన్ దగ్గరకు.

సింధు అరుపు గుర్తుందా? రియో ఒలింపిక్స్‌లో పాయింట్ గెలిచిన ప్రతిసారీ పిడికిలి బిగించి అరిచేది. అది పుట్టుకతో వచ్చింది కాదు. సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ కోర్టుల్లో ఓనమాలు దిద్దుకుని, తర్వాత గచ్చిబౌలి అకాడమీకి వెళ్లిన ఈ అమ్మాయి మొదట్లో కోర్టులో బాగా నెమ్మది. అందరి ముందూ కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరిస్తే తప్ప ర్యాకెట్ ముట్టుకోవద్దని గోపీచంద్ కండిషన్ పెట్టారు. ఆమె ఏడ్చింది, చివరికి అరిచింది. ఆ అరుపు తర్వాత ఆటలో భాగమైపోయింది. కొందరికి మనసు చల్లబరిచే రొటీన్ కావాలి, మిథాలీ పుస్తకంలా. కొందరికి వేడెక్కించేది కావాలి. ఒకరిది ఇంకొకరికి కాపీ కొడితే కుదరదు.

గ్రౌండ్‌లో మనవాళ్ల సంగతి

ఇదంతా స్టార్ల గోల అనుకోకండి. తెల్లవారుజామున సికింద్రాబాద్ వైపు ఏ గ్రౌండ్‌కు వెళ్లినా పోలీస్, ఆర్మీ ఉద్యోగాల కోసం పరిగెత్తే కుర్రాళ్లు, అమ్మాయిలు కనిపిస్తారు. తెలంగాణ కానిస్టేబుల్ ఫిజికల్ ఈవెంట్స్‌లో అబ్బాయిలకు 1600 మీటర్లు, అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు. ఆపై లాంగ్ జంప్, షాట్‌పుట్. జంప్‌కు మూడే ఛాన్సులు. ఏడాది కష్టం ఆ మూడు దూకుళ్లలో తేలిపోతుంది. ఒలింపిక్స్ కన్నా తక్కువ టెన్షనా ఇది?

ఇక్కడే తేడా తెలిసి ఉండాలి. 'ఈ బూట్లు వేసుకుంటేనే టైమింగ్ వస్తుంది' అనుకున్న అబ్బాయి బూటు ఈవెంట్ ముందురోజు చిరిగిందనుకోండి. కాలికి ఏమీ కాలేదు, కానీ మనసులో అప్పుడే ఫెయిల్ అయిపోయాడు. అదే రన్నప్ మార్క్ దగ్గర నిలబడి, రెండుసార్లు గట్టిగా ఊపిరి వదిలి, టేకాఫ్ బోర్డు చూసి, ఒక్క మాట మనసులో అనుకుని పరుగు మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నవాడి దగ్గర్నుంచి దాన్ని ఎవరూ లాక్కోలేరు. వర్షం పడినా, గ్రౌండ్ మారినా, పక్క బ్యాచ్ వాళ్లు అరుస్తున్నా అది వాడితోనే ఉంటుంది. కోచ్‌లు చెప్పేది కూడా ఇదే.. ఖర్చు లేనిది, చేతిలో ఉన్నది, పది సెకన్లలో అయిపోయేది పెట్టుకోవాలి. ఈవెంట్ రోజు కొత్తగా మొదలుపెడితే పని చేయదు. ప్రాక్టీస్‌లో ప్రతి జంప్‌కూ, బద్ధకంగా ఉన్న రోజు కూడా, చేసి చేసి ఉండాలి. అప్పుడే అది మొదలవగానే ఒంటికి 'ఇక పని టైమ్' అని అర్థమవుతుంది. అలాగే రొటీన్ మధ్యలో చెడితే మళ్లీ మొదటి నుంచి చేయాలనుకోకుండా, ఆఖరి శ్వాస ఒక్కటే తీసుకుని పరిగెత్తే షార్ట్‌కట్ కూడా రెడీగా పెట్టుకోవాలి.

మరి గుడికి వెళ్లడం, దండం పెట్టుకోవడం? సింధు తిరుమల వెళ్లి శ్రీవారిని దర్శించుకున్న వార్తలు మనమే ఎన్నోసార్లు చూశాం. ఉజ్జయిని మహంకాళి అమ్మవారికి మొక్కుకుని గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. భక్తి సంగతి వేరు, దాన్ని ల్యాబ్‌లో తూచక్కర్లేదు. మనసుకు ధైర్యం ఇచ్చినంత వరకు ఇబ్బందేమీ లేదు. 'ఈసారి వెళ్లలేకపోయాను, కాబట్టి ఓడిపోతాను' అన్న ఆలోచన వస్తే మాత్రం అది భక్తి కాదు, భయం.

ఎక్కడ జాగ్రత్త పడాలి?

జిమ్‌లోనూ ఇదే కథ. ఒకే మెషిన్, ఒకే పాట, ఒకే బాటిల్. వాచ్‌లో పదివేల స్టెప్పులు పూర్తవ్వలేదని రాత్రి పదకొండింటికి హాల్లో గిరగిరా తిరిగేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఇంతవరకు ఓకే, సరదాగానే ఉంటుంది. కానీ జ్వరం వచ్చినా, మోకాలు వాచినా 'స్ట్రీక్ పోతుంది' అని పరిగెత్తితే అది ఫిట్‌నెస్ కాదు. చేసే తంతు రోజురోజుకీ పెరుగుతూ, గంటలు తినేస్తూ, 'ఇది చేయకపోతే ఇంట్లోవాళ్లకు ఏదో అవుతుంది' లాంటి భయంతో ఆపలేకపోతే, దాన్ని ఆట అలవాటుగా చూడకూడదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అనే సమస్య అలాగే ఉంటుంది. దానికి చికిత్స ఉంది. ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. రొటీన్ చేశాక ఆటలోకి తేలిగ్గా వెళ్లగలుగుతున్నారా, లేక అది చేయడమే ఆటకన్నా పెద్ద పనైపోయిందా.. మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

రొటీన్ గెలిపిస్తుందన్న గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వరు. అదే 2017 ప్రపంచకప్‌లో భారత్ లార్డ్స్ ఫైనల్ దాకా వెళ్లింది. జులై 23న అదే ఇంగ్లండ్‌తో పోరు. మిథాలీ 17 పరుగుల దగ్గర రనౌట్ అయింది. ఒక దశలో 3 వికెట్లకు 191తో గెలుపు ఖాయమనుకున్న జట్టు 219కి ఆలౌటై, 9 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ తర్వాత మిథాలీ ఇంకో ఐదేళ్లు ఆడింది, 2022 జూన్‌లో రిటైర్ అయింది. ఇప్పటికీ ఆమె పేరు సెర్చ్ చేస్తే సెంచరీల ఫొటోలతో పాటు, ప్యాడ్లు కట్టుకుని పుస్తకంలో తల దూర్చిన ఆ డెర్బీ ఫొటో కూడా వస్తుంది.